జేకబ్ రీస్: అటక మీద దొరికిన ఫొటోగ్రాఫర్

ఫొటోగ్రఫీ చరిత్ర మీద ఏ పుస్తకం తిరగేసినా జేకబ్ రీస్ పేరు మొదట్లోనే తగులుతుంది. 1880ల చివర్లో న్యూయార్క్ పేదల ఇరుకు గదుల్లోకి అర్ధరాత్రి కెమెరా, వెలుతురు కోసం మెగ్నీషియం పొడి పట్టుకుని వెళ్లినవాడిగా, డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీకి దారి వేసినవాళ్లలో ఒకడిగా ఆయన్ని చెప్పుకుంటారు. 1914లో ఆయన పోయేనాటికి మాత్రం ఆయనకున్న పేరు వేరు. పోలీసు వార్తల రిపోర్టర్, పుస్తకాలు రాసినవాడు, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చినవాడు, మాజీ ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు ఆప్తమిత్రుడు. ఫొటోలు తీశాడన్న సంగతి ఇన్నింటి మధ్య ఎక్కడో అడుగున ఉండేది. ఫొటోగ్రాఫర్‌గా తాను ఎందుకూ పనికిరానని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. పనికొస్తే బాగుండేదన్న దిగులు కూడా ఆ వాక్యంలోనే ఉంది.

మరి ఇవాళ్టి పేరు ఎలా వచ్చింది? ఆయన పోయాక ముప్పై ఏళ్లకు పైగా ఇంటి అటక మీద పడి ఉన్న గాజు నెగటివ్‌ల వల్ల, వాటి కోసం పట్టు వదలకుండా వెతికించిన మరో వలసదారు వల్ల వచ్చింది. రీస్ ఫొటోలు ఇప్పుడు మనకు కనిపించే తీరులో రీస్ చెయ్యి ఎంత ఉందో, వాటిని బయటికి తీసి పెద్దవి చేసి గోడకెక్కించినవాళ్ల చెయ్యీ దాదాపు అంతే ఉంది. అందుకే ఆయన జీవితాన్ని చెప్పి ఆర్కైవును, అంటే దాచిపెట్టిన ఆ ఫొటోల, కాగితాల సంగ్రహాన్ని వదిలేసినా, ఆర్కైవును చెప్పి జీవితాన్ని వదిలేసినా సగం కథే చెప్పినట్టు.

నలభై డాలర్లు, ఒక రివాల్వర్

రీస్ 1849 మే 3న డెన్మార్క్‌లోని రీబె అనే పాతకాలపు ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు, అప్పుడప్పుడు అక్కడి పత్రికకు రాసేవాడు. ఇంటినిండా పిల్లలు. చదువుకుని పైకి రావాలని తండ్రికి ఉంటే, కొడుకు వడ్రంగం నేర్చుకుంటానని కోపెన్‌హాగన్ వెళ్లాడు. పని నేర్చుకుని తిరిగొచ్చేసరికి ఊళ్లో పనీ లేదు, ప్రేమించిన ఎలిజబెత్ పెళ్లికీ ఒప్పుకోలేదు. 1870లో, 21 ఏళ్ల వయసులో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. స్నేహితులు తలా కాస్త వేసుకుని ఇచ్చిన 40 డాలర్లే ఆస్తి. అందులో సగం పెట్టి రివాల్వర్ కొన్నాడు. అమెరికా అంటే అంతా అడవులూ దొంగలూ అనుకున్నాడు కాబోలు. దాన్ని నడుముకు తగిలించుకుని బ్రాడ్‌వే మీద తిరుగుతుంటే ఒక పోలీసు చూసి, ఇది ఇంట్లో పెట్టుకోవడం మంచిదని మర్యాదగా చెప్పాడట.

తర్వాతి మూడేళ్లు కాలు నిలవని బతుకు. పెన్సిల్వేనియాలో అలెఘెనీ నది ఒడ్డున ఇనుప కర్మాగారం కూలీలకు ఇళ్లు కట్టే పని, ఒక్క రోజు బొగ్గు గని, కొన్నాళ్లు ఇటుకల బట్టీ, పొలం పనులు, ఇంటింటికీ తిరిగి ఇస్త్రీపెట్టెలు అమ్మడం. ఏ పనీ దొరకనప్పుడు పస్తులు. అప్పట్లో న్యూయార్క్‌లో దిక్కులేనివాళ్లు రాత్రి తలదాచుకోవడానికి పోలీస్ స్టేషన్లలోనే గదులుండేవి. పరుపూ దుప్పటీ ఏమీ ఉండవు, చెక్క బల్లలు మాత్రమే. ఒక వాన రాత్రి రీస్ చర్చ్ స్ట్రీట్ స్టేషన్‌లోని అలాంటి గదిలో పడుకున్నాడు. వెంటపడి వచ్చిన ఒక చిన్న కుక్కను లోపలికి రానివ్వకపోతే బయటే వదిలాడు. తెల్లారేసరికి మెడలోని బంగారు లాకెట్ పోయింది. అందులో ఎలిజబెత్ తలవెంట్రుకల పాయ ఉంది. ఫిర్యాదు చేస్తే, నీలాంటివాడికి బంగారం ఎక్కడిదని అతన్నే దొంగను చేసి బయటికి గెంటారు. అడ్డుపడిన కుక్కను పోలీసు మెట్లకేసి కొట్టి చంపాడు.

ఈ సంఘటనను రీస్ జీవితాంతం మరిచిపోలేదు. దాన్ని ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. పాతికేళ్ల తర్వాత రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీస్ కమిషనర్ల బోర్డుకు అధ్యక్షుడైనప్పుడు, రాత్రి గస్తీలో ఆయన్ని అదే స్టేషన్‌కు తీసుకెళ్లి అక్కడ నిలబెట్టి చెప్పాడు. 1896 ఫిబ్రవరిలో స్టేషన్లలోని ఆ గదులు మూతపడ్డాయి. సంస్కరణలో సొంత పగ పాలు ఎంత, ప్రజల మేలు ఎంత అని విడదీసి చూపడం ఇక్కడ కష్టం. అంతకుముందు ఆ గదుల్లో రీస్ తీసిన ఫొటోలు మాత్రం పగకు మించినవి. నేల మీద పరిచిన పలకలు, వాటి మీద కూర్చున్న ఆడవాళ్లు, మధ్యలో పొయ్యి. తానూ ఒకప్పుడు అదే పలక మీద పడుకున్నవాడన్న సంగతి ఫొటోలో ఎక్కడా కనిపించదు.

1873లో న్యూయార్క్‌లోనే ఒక వార్తాసంస్థలో రిపోర్టర్ ఉద్యోగం దొరికింది. తర్వాత బ్రూక్లిన్‌లో ఒక చిన్న వారపత్రిక నడిపాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక రీబె వెళ్లి, 1876 మార్చిలో ఆ ఎలిజబెత్‌నే పెళ్లి చేసుకుని వచ్చాడు. ఆ రోజుల్లోనే గాజు మీది బొమ్మను తెర మీద పెద్దగా చూపే మ్యాజిక్ లాంతర్ ఒకటి కొని, వీధుల్లో తెర కట్టి వ్యాపార ప్రకటనలు వేస్తూ కొంత సంపాదించాడు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ ఫొటోలు తీయడానికి పదేళ్ల ముందే జనం చీకట్లో వెలిగే బొమ్మకు ఎలా కట్టుబడిపోతారో ఆయన కళ్లారా చూశాడన్నమాట. 1877లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికకు పోలీసు రిపోర్టర్‌గా చేరాడు. ఆఫీసు మల్బెరీ స్ట్రీట్‌లో, పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగా. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి నడిచివెళ్లే దారి మల్బెరీ బెండ్ మీదుగా పోయేది. నగరంలో అంతకన్నా చెడ్డపేరున్న మూల ఇంకోటి ఉండేది కాదు.

పెనం మీద వెలిగిన వెలుతురు

అప్పటి న్యూయార్క్ పేదలు బతికిన ఇళ్లను టెనెమెంట్లు అనేవారు. మామూలుగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవున్న స్థలంలో ఐదారు అంతస్తుల కట్టడం, లోపలి గదులకు కిటికీలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 1890 నాటికి లోయర్ ఈస్ట్ సైడ్‌లోని పదో వార్డులో చదరపు మైలుకు మూడు లక్షల మందికి పైగా లెక్కన జనం కిక్కిరిసి ఉన్నారు. వీటి గురించి రీస్ పదేళ్లు రాశాడు. చదివినవాళ్లు అయ్యో అన్నారు, పేజీ తిప్పేశారు. కళ్లతో చూపిస్తే తప్ప లాభం లేదనుకున్నాడు గానీ, పగలే చీకటిగా ఉండే గదుల్లో ఫొటో తీయడం ఎలా?

జవాబు 1887లో జర్మనీ నుంచి వచ్చింది. అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేట్, యాంటిమొనీ సల్ఫైడ్ కలిపి, అంటిస్తే భగ్గుమని క్షణంలో వెలిగిపోయే మిశ్రమం తయారుచేశారు. ఆ వార్తను రీస్ ఒక పొద్దున కాఫీ తాగుతూ పేపర్లో నాలుగు లైన్లలో చదివాడు. చదివిన వెంటనే నగర ఆరోగ్యశాఖలో జనన మరణాల లెక్కలు చూసే డాక్టర్ జాన్ నేగల్ దగ్గరికి పరిగెత్తాడు. నేగల్‌కు ఫొటోల సరదా ఉంది. అదే సరదా ఉన్న హెన్రీ పిఫార్డ్, రిచర్డ్ హో లారెన్స్ కూడా కలిశారు. కొద్ది వారాల్లోనే నలుగురూ, వెంట ఒకరిద్దరు పోలీసులూ అర్ధరాత్రి గల్లీల్లోకి బయల్దేరారు.

మొదట ఆ పొడిని రివాల్వర్‌లాంటి గొట్టంతో పేల్చేవారు. నిద్రమత్తులో ఉన్న జనానికి తలుపు తోసుకుని వచ్చిన అరడజను మంది కొత్తవాళ్లు, వాళ్ల చేతిలో తుపాకీ, కళ్లు పోయేంత మెరుపు. కొందరు కిటికీలోంచి దూకి పారిపోయారు. ఇలా కాదని రీస్ తర్వాత ఒక వేపుడు పెనం తెచ్చి దాని మీద పొడి వెలిగించాడు. పెనం చూస్తే కాస్త ఇల్లు గుర్తొస్తుంది కదా అని ఆయన వాదన. దాంతో రెండుసార్లు ఇళ్లకు నిప్పంటించాడు, ఒకసారి తనకే అంటించుకున్నాడు. ఒక అటకగదిలో ఐదుగురు గుడ్డి బిచ్చగాళ్లను ఫొటో తీసినప్పుడు గోడకున్న కాగితాలూ గుడ్డలూ అంటుకున్నాయి. గదిలో చూపున్నది తనొక్కడికే. ఒంటిచేత్తో మంటలార్పి, కిందికి పరిగెత్తి పోలీసుకు చెబితే అతను నవ్వాడు. ఆ ఇంటికి నిప్పంటుకోవడం కొత్త కాదట, గోడల మీద పేరుకున్న మురికే మంటను ఊపిరాడకుండా చేస్తుందట.

సరదాకు వచ్చిన మిత్రులు త్వరలోనే అలిసిపోయి తప్పుకున్నారు. జీతానికి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ చాటుగా ఆ ఫొటోలనే అమ్ముకోబోయాడు. చివరికి 1888 జనవరిలో రీస్ తానే 4x5 అంగుళాల ప్లేటు కెమెరా, స్టాండు కొనుక్కున్నాడు. మొదటి పాఠం హార్ట్ ఐలండ్‌లో, దిక్కులేని శవాలను పూడ్చే పొడవాటి గొయ్యి దగ్గర. వెలుతురు అంచనా తప్పి ప్లేటు విపరీతంగా ఎక్స్‌పోజ్ అయింది, బొమ్మ దాదాపు నల్లగా వచ్చింది. ఆ చీకటే ఆ చోటుకు తగినట్టుందని దాన్నే తెర మీద చూపించాడు. పని రాని మనిషిని పని ఎలా కాచిందో ఈ ఒక్క ప్లేటు చెబుతుంది.

ఆయన ఫొటోల్లో అందరికీ తెలిసినది బేయర్డ్ స్ట్రీట్‌లో ఒక గది. అక్కడ పడుకోవడానికి ఒక్కో చోటుకు రాత్రికి ఐదు సెంట్లు. ఏ వైపు కొలిచినా 13 అడుగులు లేని ఆ గదిలో పన్నెండు మంది ఆడా మగా నిద్రపోతున్నారని రీస్ రాశాడు, కొందరు గోడకు కొట్టిన అరల మీద, మిగతావాళ్లు నేల మీద. ఫొటోలో అంతమంది కనిపించరు. కనిపించేది ఫ్రేము పట్టనంత సామాను. గోడకు వేలాడే బట్టలు, పెట్టెలు, మూటలు, వాటి మధ్య ఇరుక్కుని చిట్లించిన కళ్లతో లేస్తున్న మొహాలు. ఎవరూ సర్దుకుని కూర్చోలేదు, ఎవరూ కెమెరాకు సిద్ధంగా లేరు. స్టూడియో ఫొటోలు రాజ్యమేలుతున్న రోజుల్లో ఇది తప్పుల తడక. మెరుపు ముందున్నవాళ్లను తెల్లగా మాడ్చింది, వెనకున్నవాళ్లను చీకట్లో వదిలేసింది. నేర్పున్న ఫొటోగ్రాఫరైతే ఈ ప్లేటును పారేసేవాడు. రీస్‌కు ఆ నేర్పు లేకపోవడం మన అదృష్టం.

చీకట్లో చెప్పిన కథ

ఈ ఫొటోలు తీసింది గోడకు తగిలించడానికి కాదు, పుస్తకంలో వేయడానికి కూడా కాదు. ముందు తీసింది లాంతర్ ఉపన్యాసం కోసం. గాజు ముక్క మీద ఫొటోను ముద్రించి, కొన్నిటికి చేత్తో రంగులద్ది, లాంతరు వెనక పెడితే తెర మీద మనిషెత్తు బొమ్మ పడుతుంది. మొదటి ఉపన్యాసం 1888 జనవరి 25న న్యూయార్క్ అమెచ్యూర్ ఫొటోగ్రాఫర్ల సంఘంలో జరిగింది. ఆ తర్వాత చర్చిల్లో, హాళ్లలో. హరిదాసు మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించి మళ్లీ అసలు కథలోకి లాక్కొచ్చినట్టు, రీస్ కూడా ఒక జోకు, ఒక చావు, ఒక లెక్క, ఒక ప్రార్థన కలిపి గంటల తరబడి చెప్పేవాడు. తెర మీది బొమ్మలతో జనం మాట్లాడేవారని, ఏడ్చేవారని అప్పటి పత్రికలు రాశాయి.

పత్రికల్లో మాత్రం ఫొటోను ఫొటోగా అచ్చువేయడం అప్పుడప్పుడే మొదలవుతోంది. అందుకే 1888 ఫిబ్రవరి 12న న్యూయార్క్ సన్‌లో ఆయన మొదటి కథనం వచ్చినప్పుడు ఫొటోల బదులు వాటిని చూసి గీసిన రేఖాచిత్రాలు పడ్డాయి. 1889 డిసెంబరులో స్క్రిబ్నర్స్ మ్యాగజైన్ వ్యాసంలోనూ అంతే. దాన్ని పెంచి 1890లో తెచ్చిన పుస్తకం ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’. అందులో కొన్ని ఫొటోలు హాఫ్‌టోన్ పద్ధతిలో, అంటే ఫొటోను సన్నని చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే పద్ధతిలో పడ్డాయి గానీ బూడిద పూసినట్టు మసకగా ఉన్నాయి, మిగతావి మళ్లీ చేతిగీతలే. గీసినవాడు బెదిరిన మొహాలను చక్కబెట్టాడు, సామాను సర్దాడు. ఆ పుస్తకం ఎంత పేరు తెచ్చినా అందులోని బొమ్మలు చూసి రీస్ గొప్ప ఫొటోగ్రాఫర్ అని ఎవరికీ అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఫలితాలు మాత్రం వచ్చాయి. పుస్తకం చదివిన రూజ్‌వెల్ట్ పత్రికాఫీసుకు వచ్చి, రీస్ లేకపోతే, మీ పుస్తకం చదివాను, సాయం చేయడానికి వచ్చాను అని కార్డు మీద రాసి వెళ్లాడు. మల్బెరీ బెండ్ ఇళ్లను నగరం కొని కూల్చేసింది, 1897లో ఆ స్థలంలో పార్కు తెరిచింది. ప్రారంభ సభకు రీస్‌ను పిలవడం ఎవరికీ గుర్తులేదు. ఆయన వెళ్లి జనంలో నిలబడి చూశాడు. 1901లో న్యూయార్క్ రాష్ట్రం తెచ్చిన టెనెమెంట్ చట్టం ప్రతి గదికీ కిటికీ, ప్రతి వాటాకూ మరుగుదొడ్డి ఉండాలని పట్టుబట్టింది. దాని వెనక చాలామంది చాలా ఏళ్లు చేసిన పని ఉంది, అందులో రీస్ చేసిన గోల కూడా ఒక భాగం.

వీటన్నిటికన్నా పదునైన ఉదాహరణ నీళ్ల కథ. 1891లో ఆరోగ్యశాఖ వారం వారం ఇచ్చే బులెటిన్‌లో తాగునీటిలో నైట్రైట్ల జాడ ఉందన్న ఒక్క మాట రీస్ కంట్లో పడింది. మిగతా రిపోర్టర్లు దాన్ని దాటేశారు. ఆయన కెమెరా తీసుకుని నగరానికి నీళ్లొచ్చే క్రోటన్ నది వెంబడి వారం రోజులు తిరిగి, ఊళ్ల మురుగు నేరుగా వాగుల్లో కలిసే చోట్లను ఫొటోలు తీశాడు. కలరా క్రిమి పారే నీటిలో ఎన్నాళ్లు బతుకుతుందని డాక్టర్లను అడిగితే ఏడు రోజుల దాకా అన్నారు. దూరపు ఊరి నీళ్లు నగరం కుళాయికి చేరడానికి పట్టేది అంతకన్నా తక్కువ. ఈవెనింగ్ సన్‌లో కథనం వచ్చాక నగరం ఆ వాగుల ఒడ్డున భూములు కొని కాపాడుకోవాల్సి వచ్చింది. ఈ ఫొటోల్లో మనుషుల మొహాలు లేవు, కన్నీళ్లు లేవు. అందుకేనేమో రీస్ గురించి రాసేవాళ్లు వీటిని పెద్దగా తలుచుకోరు. రుజువుగా పనికొచ్చిన ఫొటో అంటే మాత్రం ఇవే.

పోలీసు వెంట వచ్చిన కెమెరా

రీస్‌ను పొగడటంతో ఆపేయడానికి ఆయన రాతలే ఒప్పుకోవు. వలస వచ్చి, ఆకలి చూసి, పోలీసు చేతిలో అవమానపడిన మనిషి తన తర్వాత వచ్చిన వలసదారుల గురించి రాసినప్పుడు అప్పటి సమాజంలోని ప్రతి చిన్నచూపునూ ఎత్తి రాశాడు. ఇటాలియన్లు ఇలాంటివాళ్లు, యూదులు డబ్బును దేవుడిలా కొలుస్తారు, చైనావాళ్లను నమ్మలేం అని జాతుల వారీగా అధ్యాయాలు. చైనాటౌన్ అధ్యాయం ఇవాళ చదవడం కష్టం. ఉత్తర యూరప్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంటుగా తనకు అమెరికా తలుపు తెరిచినంత తేలిగ్గా వాళ్లకు తెరవలేదన్న ఆలోచన ఆయనకు తట్టినట్టు లేదు. అయితే నల్లజాతి అద్దెదారుల గురించి రాసిన చోట, అదే ఇంటికి వాళ్ల దగ్గర యజమానులు ఎక్కువ అద్దె గుంజుతున్నారని అంకెలతో సహా బయటపెట్టాడు. మనుషుల స్వభావం గురించి రాసినప్పుడు తడబడిన ఆయన, అద్దె లెక్క తీసినప్పుడు ఎక్కడా తప్పటడుగు వేయలేదు.

ఫొటోల్లోనూ ఈ చిక్కు ఉంది. పోలీసుతో కలిసి అర్ధరాత్రి గదిలోకి వచ్చినవాడికి వద్దని చెప్పగలిగేవాళ్లెవరు? పైగా అన్నీ ఆ క్షణంలో పట్టుకున్నవి కావు. మెట్ల కింద, ఇనుప జాలీల మీద నిద్రపోతున్న వీధి పిల్లల ప్రసిద్ధమైన ఫొటోల్లో పిల్లలు నిద్ర నటిస్తున్నారు, ఒకడి పెదవుల మీద నవ్వు దాగడం లేదు. పేదపిల్లల గురించిన తన పుస్తకంలో రాసిన కేటీ అనే అమ్మాయి సంగతి మరోలా ఉంటుంది. 52వ వీధిలోని పేదపిల్లల పనిబడిలో కనిపించిన ఆ చిన్నపిల్ల ఇంటి పనంతా నెత్తినేసుకుని నడిపేది. నువ్వేం పని చేస్తావని రీస్ అడిగితే, నేలలు తోముతాను అని టక్కున చెప్పింది. ఫొటోకు నిలబడమంటే ఎందుకని అడగలేదు, నవ్వనూ లేదు, లేచి నిలబడింది. వెనక ఇటుక గోడ, ముందు ఆ పిల్ల. రీస్ తీసినవాటిలో ఎదుటిమనిషి తన ఇష్టంతో, తన తీరులో నిలబడిన కొద్దివాటిలో ఇదొకటి. పేరుతో సహా మిగిలిన కొద్దిమందిలో ఆ పిల్ల కూడా ఒకరు.

1890ల చివరికి రీస్ ఫొటోలు తీయడం దాదాపు మానేశాడు. పాత స్లైడ్లతో, కొన్నవాటితో, ఇతరుల చేత తీయించినవాటితో ఉపన్యాసాలు సాగించాడు. 1899లో డెన్మార్క్ వెళ్లి జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు, కిటికీలోంచి సముద్రం మీద అమెరికా జెండా ఉన్న ఓడ కనిపించిందట, తాను అమెరికన్‌ని అయిపోయానని అప్పుడే తెలిసిందట. ఆత్మకథను ఆ ముచ్చటతోనే ముగించాడు. 1914 మే 26న మసాచుసెట్స్‌లోని బారే దగ్గర తన పొలంలో కన్నుమూశాడు.

పెట్టెలు తెరిచిన మనిషి

అలెగ్జాండర్ అలాండ్ 1902లో క్రిమియాలోని సెవాస్తొపోల్‌లో పుట్టాడు. చిన్నప్పుడే అట్టముక్కలతో కెమెరా చేసుకున్నవాడు. రష్యాలో విప్లవం, అంతర్యుద్ధం తర్వాత ఇస్తాంబుల్ చేరి, అక్కడి నుంచి 1923లో న్యూయార్క్ వచ్చాడు. అక్కడ స్థిరపడిన రకరకాల వలస జనాలను వాళ్ల ఇళ్లలో, గుళ్లలో, పండగల్లో ఫొటోలు తీయడం ఆయన పని. ఆ ఫొటోలతో 1943లో ఒక పుస్తకం వచ్చింది. రీస్ ఫొటోల్లోని మనుషుల మనవలనే అలాండ్ తీశాడని అనుకున్నా పెద్ద పొరపాటు కాదు. అయితే అలాండ్ ఫొటోల్లో జనం తలుపు తామే తీసి లోపలికి రమ్మన్నట్టు ఉంటారు.

పాత పుస్తకాల దుకాణంలో రీస్ పుస్తకం ఒకటి ఆయన చేతికి దొరికింది. మసక బొమ్మలు చూసి, వీటి నెగటివ్‌లు ఎక్కడున్నాయన్న ప్రశ్న పట్టుకుంది. రీస్ కొడుకు రోజర్ విలియం రీస్‌ను వెతికి పట్టుకుని అడిగాడు. ఆయనకు తెలియదు. మళ్లీ అడిగాడు. కొన్నేళ్ల పట్టుదల తర్వాత, క్వీన్స్‌లో రిచ్‌మండ్ హిల్‌లోని రీస్ కుటుంబం పాత ఇంటి అటక మీద పెట్టెలు దొరికాయి. 400కు పైగా గాజు నెగటివ్‌లు, లాంతర్ స్లైడ్లు, పాత ప్రింట్లు. 1946లో అవన్నీ మ్యూజియం ఆఫ్ ది సిటీ ఆఫ్ న్యూయార్క్‌కు చేరాయి.

1947లో ఆ మ్యూజియంలో క్యురేటర్ గ్రేస్ మేయర్ ప్రదర్శన పెట్టింది. గోడల మీద వేలాడినవి అలాండ్ చేసిన 50 పెద్ద ప్రింట్లు. అలాండ్ డార్క్‌రూమ్‌లో చెయ్యి తిరిగినవాడు. పక్కల అనవసరమైనది కత్తిరించాడు, వెలిసినచోట నలుపు పెంచాడు, మాడినచోట వివరం రప్పించాడు. రీస్ ఎప్పుడూ చూడని, చేయలేని రీస్ ఫొటోలు అవి. 1930లలో పేదల బతుకులను ఫొటోలు తీసిన డొరొతియా లాంగ్ వంటివాళ్ల పనికి అలవాటుపడిన కళ్లకు అవి తాతగారి వారసత్వంలా కనిపించాయి. రెండేళ్లు తిరక్కుండానే బోమాంట్ న్యూహాల్ రాసిన ఫొటోగ్రఫీ చరిత్ర కొత్త ముద్రణలో రీస్‌కు చోటు దొరికింది. రీస్ ఫొటోగ్రాఫర్ అయింది అప్పుడు, పోయిన 33 ఏళ్లకు.

ఇందులో మోసం ఏమీ లేదు. అలాండ్ లేకపోతే ఆ గాజు పలకలు ఏ పాత ఇంటి శిథిలాలతోనో పోయేవి. కానీ దశాబ్దాలపాటు పుస్తకాల్లో, పాఠాల్లో తిరిగినవి అలాండ్ ప్రింట్లే కావడంతో, రీస్ కూర్పు ఎంత పదునైనదో అని మెచ్చుకున్న చోట చాలాసార్లు మెచ్చుకున్నది అలాండ్ కత్తెరనే. తర్వాత పరిశోధకులు, ముఖ్యంగా బానీ యోకెల్సన్, అసలు నెగటివ్‌ల నుంచి కత్తిరింపు లేని ప్రింట్లు తీయించి, స్లైడ్లతో, పాత పత్రికలతో పోల్చి చూశారు. అప్పుడు ఇంకో సంగతి తేలింది. పెట్టెల్లో ఉన్నవన్నీ రీస్ తీసినవి కావు. మల్బెరీ స్ట్రీట్ 59½ నంబరు సందులో కర్రలు పట్టుకుని నిలబడ్డ మనుషులతో ‘బాండిట్స్ రూస్ట్’ అని పేరుపడ్డ ఫొటో, రీస్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది, తీసింది పిఫార్డ్, లారెన్స్‌లు, రెండు కటకాల స్టీరియో కెమెరాతో. ఇంకొన్ని కొన్నవి, కొన్ని అడిగి తెచ్చుకున్నవి. రీస్ దృష్టిలో అవన్నీ ఒకటే, తన ఉపన్యాసానికి సరుకు. ఎవరు తీశారన్న ప్రశ్న ఆర్కైవుకు ముఖ్యం, ఆయనకు కాదు.

రాతపత్రాలు ఇంకోచోట ఉన్నాయి. తొలి ఏళ్ల డైరీలు, ఉత్తరాలు, ఉపన్యాసాల నోట్సు, పత్రికల కత్తిరింపులు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. ఫొటోలు ఒక ఊళ్లో, వాటితో పాటు చెప్పిన మాటలు ఇంకో ఊళ్లో ఉండిపోవడం వల్ల మాట లేని బొమ్మనే జనం చాలాకాలం చూశారు. 2015లో న్యూయార్క్ మ్యూజియం, ఆ మరుసటి ఏడు లైబ్రరీ ఈ రెండు సంగ్రహాలనూ కలిపి ప్రదర్శనలు పెట్టాయి. 2019లో రీబెలో ఆయన పేరు మీద మ్యూజియం తెరిచారు. న్యూయార్క్ మ్యూజియం వెబ్‌సైట్‌లో నెగటివ్‌లు ఇప్పుడు అంచులతో సహా చూడొచ్చు, అంచుల్లో సగం తెగిన మొహాలు, మెరుపుకు అదిరి పక్కకు తిరిగిన భుజాలు, అలాండ్ కత్తిరించేసినవన్నీ. రీస్ ఫొటో అని ఎక్కడైనా కనిపిస్తే కింద మూడు సంగతులు చూసుకోవడం మంచిది: తీసింది ఎవరు, ప్రింటు ఎవరిది, ఏ ఏడు ప్రింటు.

అలాండ్ అక్కడితో ఆగలేదు. 1974లో రీస్ మీద పుస్తకం తెచ్చాడు. కెనడా నుంచి వచ్చి అమెరికాలో తొలి మహిళా న్యూస్ ఫొటోగ్రాఫర్లలో ఒకరిగా పేరు తెచ్చుకున్న జెస్సీ టార్బాక్స్ బీల్స్ పనిని కూడా సేకరించి 1978లో ఆమె మీద ఒక పుస్తకం రాశాడు. 1989లో పోయాడు. సొంతంగా తీసిన వలసదారుల ఫొటోలు కూడా ఆర్కైవుల్లో భద్రంగానే ఉన్నాయి. వాటిని అడిగి చూసేవాళ్లు ఇప్పటికీ తక్కువే.